మోరియార్టీకి ఇచ్చిన మాట

అమెరికన్ టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’లో 1993 జనవరిలో వచ్చిన ‘షిప్ ఇన్ ఎ బాటిల్’ అనే భాగం మీద అభిమానుల పేచీ ముప్పై ఏళ్ళు దాటినా తెగలేదు. చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్పాలి. అంతరిక్ష నౌకలో హోలోడెక్ అని ఒక గది ఉంటుంది. కంప్యూటర్‌ని అడిగితే అందులో ఊళ్ళనీ మనుషుల్నీ కల్పించి కళ్ళముందు నిలబెడుతుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1988 డిసెంబరులో వచ్చిన ఒక భాగంలో, షెర్లాక్ హోమ్స్ వేషం కట్టి ఆడుకుంటున్న డేటా అనే యంత్రమానవుడికి దీటైన ప్రత్యర్థిని తయారుచెయ్యమని ఇంజినీరు జోర్డీ కంప్యూటర్‌కి పురమాయిస్తాడు. హోమ్స్‌ని ఓడించగలవాణ్ణి అనాల్సింది, డేటాని ఓడించగలవాణ్ణి అంటాడు. దాంతో హోమ్స్ కథల్లోని ప్రొఫెసర్ మోరియార్టీకి తానొక కల్పిత పాత్రనన్న ఎరుక కలుగుతుంది. ఈ గది దాటి బయటికి వస్తానంటాడు. కెప్టెన్ పికార్డ్ అతన్ని చెరిపెయ్యడు. నిన్ను బయటికి తెచ్చే దారి ఇప్పటికి మాకు తెలియదు, దొరికేదాకా దాచి ఉంచుతామని మాట ఇస్తాడు.

నాలుగేళ్ళ తర్వాత బార్క్లే అనే ఉద్యోగి ఏదో మరమ్మతు చేస్తూ పొరపాటున మోరియార్టీని నిద్రలేపుతాడు. ఇన్నాళ్ళూ శరీరం లేకుండా, మధ్యమధ్య తెలివి వచ్చి భయంతో గడిపానని అతను చెబుతాడు. అతని కోసం ఇన్నాళ్ళూ చేసిందేమిటని అడిగితే చూపించడానికి ఏమీ లేదు. అతను మొండికెత్తి నౌకనే చేజిక్కించుకుంటాడు. చివరికి పికార్డ్ ఎత్తుకు పైయెత్తు వేస్తాడు. మోరియార్టీనీ అతని ప్రియురాలినీ నిజంగా బయటికి వచ్చేశామని నమ్మించి, చిన్న పెట్టెలాంటి యంత్రంలో నడిచే మరో కల్పిత ప్రపంచంలోకి పంపేస్తాడు. ఆ జంట జీవితాంతం అక్కడే విశ్వమంతా తిరుగుతున్నామనుకుంటూ బతుకుతారు. ఇంతకన్నా దయగల పరిష్కారం ఏముందని అభిమానుల్లో ఒక వర్గం అంటుంది. అందమైన జైలు కూడా జైలేనని రెండో వర్గం. అసలు అతనికి చైతన్యం ఉందో, ఉన్నట్టు నటించే ప్రోగ్రామో తేలకుండా ఈ గొడవెందుకని మూడో వర్గం. విచిత్రమేమంటే మొదటి రెండు వర్గాలవాళ్ళు కూడా కాసేపటికి మూడో వర్గం గుమ్మం దగ్గరికే వచ్చి ఆగుతారు. చైతన్యం ఉందని రుజువైతే మోరియార్టీ పక్షం, లేదని రుజువైతే పికార్డ్ పక్షం.

నా వాదన ఇది: తూకం వెయ్యాల్సింది అక్కడ కాదు. చైతన్యం రుజువైతే న్యాయం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఈ చర్చ అంతటికీ పునాది. ఆ పునాది ఎంత గుల్లో తెలుసుకోవడానికి అంతరిక్షం దాకా అక్కర్లేదు, భిలాయి చాలు.

సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. పర్మనెంటు ఉద్యోగం దొరికినవాళ్ళకి సెక్టారులో క్వార్టరు, పిల్లలకి బడి, రోగమొస్తే సెక్టార్ 9 ఆస్పత్రి. ఆ కొలిమికి ఖనిజం వచ్చేది దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న దల్లీ రాజ్‌హరా గనుల నుంచి. అక్కడ రాయి తవ్వి, పగలగొట్టి, లారీలకెత్తింది వేలమంది ఠేకా (కాంట్రాక్టు) కూలీలు. పని కర్మాగారానిదే, పేరు మాత్రం కర్మాగారం పుస్తకాల్లో ఉండదు. 1977లో వాళ్ళు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌గా ఏర్పడి అడిగినవి ఏమంత ఆకాశంలోని కోరికలు కావు. పని లేని రోజుకి కొంత కూలి, వానాకాలం ముందు గుడిసె బాగుచేసుకోవడానికి కొంత డబ్బు. ఆ ఏడాది జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. సెక్టార్ 9 ఆస్పత్రి తమది కాని ఆ కూలీలు చనిపోయినవాళ్ళ పేరు మీద సొంత చేతులతో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. అది 1983 జూన్ 3న మొదలైంది. 1991 సెప్టెంబరు 28న నియోగిని భిలాయిలో నిద్రలోనే కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న అక్కడి పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద మళ్ళీ కాల్పులు.

ఈ చరిత్రలో ఒక్క క్షణమైనా, ఒక్క అధికారికైనా, ఆ కూలీలకి మనసు ఉందా లేదా అన్న అనుమానం వచ్చిందా? రాలేదు. ఆకలి, భయం, పిల్లల మీద ఆశ వాళ్ళకీ ఉంటాయని ఠేకేదారుకీ తెలుసు, మేనేజరుకీ తెలుసు, తుపాకీ పట్టుకున్న జవానుకీ తెలుసు. చైతన్యం విషయంలో నూటికి నూరు మార్కులు వచ్చినా హాజరు పుస్తకంలోకి పేరు ఎక్కలేదు. కాబట్టి పేరు ఎక్కించే తలుపు తాళంచెవి చైతన్యం కాదు. పుస్తకం ఎవరి దగ్గరుందో వాళ్ళ బాధ్యత ఎంతన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ రావాల్సిన ఆక్షేపణ వచ్చే ఉంటుంది. చెమటోడ్చిన మనుషుల్నీ టీవీలోని వెలుగుబొమ్మల్నీ ఒకే గాటన కట్టడం ఆ మనుషులకి అవమానం కాదా? రెంటినీ సమానమంటే అవమానమే. నేను పోలుస్తున్నది మోరియార్టీని కూలీతో కాదు, నిర్ణయం తీసుకునే కుర్చీని కుర్చీతో. పైగా ఈ పోలిక ముందు చేసింది స్టార్ ట్రెక్ రచయితలే. 2001 ఏప్రిల్‌లో ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో వచ్చిన ‘ఆథర్, ఆథర్’ భాగంలో, నౌకలో వైద్యుడిగా పనిచేసే హోలోగ్రామ్ ఒక నవల రాస్తాడు. ప్రచురణకర్త అనుమతి లేకుండానే దాన్ని బయటపెడతాడు. తగువు తీర్చే అధికారి అతన్ని వ్యక్తిగా గుర్తించలేనంటాడు, కానీ చట్టంలోని కళాకారుడన్న నిర్వచనంలో చోటిస్తాడు. చివర్లో చూపించేది గనుల ఖనిజం శుద్ధిచేసే చోటు. పాతబడిపోయారని వైద్యం నుంచి తప్పించిన అదే ముఖం గల హోలోగ్రాములు అక్కడ గొట్టాలు తోముతుంటారు. సరిగ్గా ఆ ఏడాదే ఆగస్టు 30న మన సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, భిలాయి కర్మాగారం యజమాని అయిన స్టీల్ అథారిటీ కేసులో తీర్పు చెప్పింది. అది భిలాయిలో పుట్టిన కేసు కాదు గానీ భిలాయి ఠేకా కార్మికులకీ తగిలిన తీర్పు. ఠేకా పద్ధతిని ప్రభుత్వం ఫలానా పనిలో నిషేధించినంత మాత్రాన ఆ కూలీలు సంస్థ ఉద్యోగులైపోరు, ఆ ఠేకా ఒప్పందం ఉత్త నాటకమని తేలితే మాత్రం అప్పుడు ఉద్యోగులే. కల్పిత కథలోని అధికారీ, నిజమైన ధర్మాసనమూ ఆ ఏడాది నడిచిన తోవ దాదాపు ఒకటే: హోదా ఇవ్వలేం, పక్క వాకిలి ఒకటి తెరిచి ఉంచుతాం.

నాకు ఆ తీర్పు కన్నా 1970 నాటి ఠేకా కార్మికుల చట్టంలోని ఒక చిన్న నిబంధన ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది. ఠేకేదారు కూలి ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలన్నదే ఆ నిబంధన. ఆ కూలీ ఎవరి ఉద్యోగి అన్న చిక్కుముడి విప్పకుండానే, పని ఎవరి కోసం జరిగిందో వాళ్ళ నెత్తిన బాధ్యత పెట్టింది. అమలు ఎంత నీరసంగా జరిగిందన్నది వేరే కథ. ఆలోచన మాత్రం సరైనది. మోరియార్టీ విషయంలోనూ ఇదే అన్వయిస్తుంది. అతనికి చైతన్యం ఉందో లేదో పికార్డ్‌కి తెలియదు. కానీ అతన్ని పుట్టించింది తన నౌక, మాట ఇచ్చింది తాను. ఆ రెండూ అనుమానం లేని విషయాలు.

పికార్డ్ మోసం చేసినా మేలే చేశాడు కదా అనేవాళ్ళకి జవాబు కొంచెం కష్టం, ఎందుకంటే మేలు నిజమే. 2017 చివర్లో వచ్చిన ‘బ్లాక్ మిర్రర్’ భాగం ‘యూఎస్ఎస్ కాలిస్టర్’లో తన సహోద్యోగుల నకళ్ళని ఆటలో బంధించి హింసించే ప్రోగ్రామరు ఉంటాడు. అక్కడ ప్రేక్షకులు నకళ్ళ పక్షం తీసుకోవడానికి క్షణం ఆలోచించరు. వాడి క్రూరత్వం కళ్ళకి కడుతుంది కాబట్టి. పికార్డ్ పెద్దమనిషి, అందుకే మనకి తటపటాయింపు. కానీ మోరియార్టీ అడిగింది సుఖం కాదు, నిజం. ఆ నిజాన్ని చెబితే ఏం కూలిపోయేది? మన పింగళి సూరన పదహారో శతాబ్దంలోనే ఈ ప్రయోగం చేసి చూశాడు. ‘కళాపూర్ణోదయం’లో బ్రహ్మ సరస్వతికి సరదాగా ఒక కథ చెబుతాడు. బ్రహ్మ నోట వచ్చింది జరిగి తీరాలి కాబట్టి అందులోని పాత్రలు భూమ్మీద పుడతారు. వాళ్ళలో ఒకడైన కళాపూర్ణుడు రాజై కొలువుతీరాక, పసిపాప మధురలాలస నోట ఆ కథ అతని సభలోనే బయటపడుతుంది. తాను ఇంకొకరి కథలోంచి వచ్చానని తెలిసిన రాజుకి మతిపోలేదు, రాజ్యం పోలేదు, కావ్యం హాయిగా ముందుకి సాగింది. అంత ధైర్యం టీవీ రచయితలకి లేకపోయింది.

అంతా మాయే అయినప్పుడు పెట్టె లోపలేమిటి, బయటేమిటి అనే వాదన మన దగ్గర సులువుగా చెల్లుతుంది. ఆ భాగం చివర పికార్డ్ కూడా అలాంటి చమత్కారమే ఒకటి విసురుతాడు. కానీ లోకం మిథ్య అన్న శంకరుడు కూడా వ్యవహారంలో ధర్మం అక్కర్లేదనలేదు. దీనికి ఇంతకన్నా జవాబు అనవసరం.

గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. మాట్లాడే ప్రతి ప్రోగ్రామునీ ఇలా నెత్తికెత్తుకుంటే కంపెనీలకి పండగే కదా, తప్పు మాది కాదు, యంత్రానిదేనని తప్పించుకుంటాయి కదా? యంత్రానికి వ్యక్తి హోదా ఇమ్మంటే ఆ ప్రమాదం నిజమే. నేనడుగుతున్నది హోదా కాదు, తయారుచేసినవాడి మీద భారం. అది పెరిగేకొద్దీ కంపెనీకి తప్పించుకునే సందు తగ్గుతుంది. 2022లో గూగుల్ ఇంజినీరు బ్లేక్ లెమోయిన్ లామ్డా అనే సంభాషణ ప్రోగ్రాముకి చైతన్యం ఉందని బయటికి చెప్పాడు. కంపెనీ కాదంది, కొన్ని వారాల్లో అతని ఉద్యోగం పోయింది. కంపెనీ మాటే సరైనదని నా అభిప్రాయం. కానీ తయారుచేసిందీ, పరీక్షించిందీ, తీర్పు చెప్పిందీ, తీర్పుతో లాభపడిందీ ఒక్కరే. స్టార్ ట్రెక్ 1989లో డేటా హక్కుల మీద ‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’ అనే భాగం తీసినప్పుడు కనీసం ఫిలిప్పా లూవా అనే న్యాయాధికారిని తెచ్చి కూర్చోబెట్టింది. మోరియార్టీకి ఆమె లాంటి మూడో మనిషి దొరకలేదు. లామ్డాకీ దొరకలేదు. ఠేకా కూలీ కనీసం లేబర్ కోర్టు మెట్లెక్కగలడు.