పెట్టె సర్దే రోజు మనమెక్కడున్నాం?

కువైట్‌కు పోయే ముందురోజు ఇల్లెట్లుంటాదో రాయచోటి చుట్టుపక్కల తండాల్లో పుట్టినోళ్లకు చెప్పనక్కర్లేదు. మా చిన్నమ్మ పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నా. తెల్లారకముందే లేచి బూజు దులిపింది, బండలు కడిగింది, బోకులన్నీ తోమి బోర్లించింది. పిల్లోళ్ల బట్టలు ఉతికి మడిచి, ఏది యాడుందో మా అవ్వకు రెండుసార్లు చెప్పింది. తర్వాత పెట్టె సర్దుకుంది. చింతపండు, ఎర్రకారం, చెనక్కాయల పొడి, నాలుగు జతల బట్టలు, పిల్లోళ్ల ఫోటో.

పెట్టెలో లేనివి కాగితాలే. పాస్‌పోర్టు, వీసా ఏజెంటు చేతిలో ఉన్నాయి. ఎవరింట్లో పని, జీతమెంత అని రాసిన కాగితం ఆమె కంటితో చూడలేదు. ఇంట్లో జెరాక్సు కూడా లేదు. ఆర్నెల్లకు ఫోన్లు ఆగిపోతే, ఏ నంబరు చెప్పి ఎవరిని అడగాలో మాకు తెలీలేదు. నాలుగు నెలల తర్వాత గానీ ఆమె గొంతు వినలేదు.

"ఉన్న ఊర్లోనే బతకొచ్చు కదా" అంటారు కొందరు. వాన రాదు, బోరులో నీళ్లు పడవు, అప్పు ఆగదు. సుగాలీలం ఎస్టీలమే అయినా రాయలసీమలో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. 1/70 చట్టం మన చేనును కాపాడదు. పోవడం తప్పు కాదు. వట్టి చేతులతో పోవడమే ప్రమాదం.

పది పాసు కానోళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటాది. అట్లాంటి ఆడోళ్లు ఇంటిపనికి కువైట్ పోవాలంటే 30 ఏండ్లు నిండాలి, సర్కారు అనుమతి ఉండాలి. ఆ దారిన పోతే 10 లక్షల ప్రమాద బీమా ఉంటాది. విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపితే ఇవేవీ ఉండవు. కువైట్‌లో కూడా 2015లో ఇంటిపనోళ్ల చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒకరోజు సెలవియ్యాలి, యజమాని పాస్‌పోర్టు పెట్టుకోకూడదు.

చట్టముంటే కష్టం తీరుతాదా? తీరదు. పాస్‌పోర్టు లాక్కునే ఇండ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ చేతిలో నంబరన్నా లేకుంటే ఎంబసీలో మన మనిషి ఎవరో కూడా చెప్పుకోలేం.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, శవపెట్టె వచ్చినాక ధర్నా చేసేది మనకు బాగా తెలుసు. పెట్టె సర్దే రోజే ఆ ఇంటికి పోదాం. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం అన్నీ ఫోన్లో ఫోటో తీద్దాం. ఒక జత జెరాక్సు పెట్టెలో, ఇంకో జత ఇంట్లో పెట్టిద్దాం. ఏజెంటుకు లైసెన్సు ఉందా అని మొహం మీదే అడుగుదాం. ఎంబసీ నంబరు, యజమాని అడ్రసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాద్దాం.

ఇల్లంతా కడిగి పోయే మన అమ్మల కోసం ఇంతమాత్రం చేయలేమా?