గడువు రాయని రసీదు

బిట్రగుంట వారికి ఎదురుచూడటం ఒకరు నేర్పనక్కర్లేదు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకోషెడ్డు మద్రాసు-బెజవాడ లైనులో పేరున్న షెడ్డు. ఇంజను తయారయ్యేదాకా బండి ఆగేది. సిగ్నలు పడేదాకా డ్రైవరు ఆగేవాడు. డ్యూటీకి పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో ఇల్లాలు అన్నం తినకుండా ఆగేది. అయితే ఆ ఆగడానికి ఒక లెక్క ఉండేది. టైంటేబులు ఉండేది. బండి ఆలస్యమైతే ఎంత ఆలస్యమో బోర్డు మీద రాసేవారు.

ఈ రైల్వే ఊళ్ళోనే మనకు తెలిసిన ఒక కుటుంబం ఇటీవల మరో రకం ఎదురుచూపు చూసింది. కువైట్‌లో పనిచేసే కుర్రాడు సెలవుకు వచ్చేముందే ఓ స్పోర్ట్స్ కారు బుక్ చేశాడు. నలభై రోజుల్లో బండి ఇస్తామని షోరూం వారు ఫోనులో చెప్పారు. అబ్బాను, అమ్మీని ఎక్కించుకుని కావలిలో ఉన్న ఆపా ఇంటికి తీసుకెళ్ళాలని అతని ముచ్చట. కారు నిలిపేందుకు చోటుండాలని తల్లి వాకిట్లో వేపకొమ్మ కూడా కొట్టించింది. ఈ వారం అన్నారు, వచ్చే వారం అన్నారు. సెలవు అయిపోయింది. కుర్రాడు విమానం ఎక్కేశాడు. కారు రాలేదు గానీ బ్యాంకు అప్పు తాలూకు మొదటి వాయిదా మాత్రం వచ్చింది. బండి రాకముందే షోరూముకు సొమ్ము చేరిపోయిందట!

ఆ రసీదు మేము చూశాం. కట్టిన సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. మోడలు ఉంది, రంగు ఉంది. బండి ఇచ్చే తేదీ రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

ఇది కొత్త జబ్బు కాదు. లైసెన్సుల కాలంలో చేతక్ స్కూటరు కోసం ఏళ్ళ తరబడి, కొన్నిచోట్ల పదేళ్ళ దాకా కాచుకున్న వారు మన పెద్దల్లోనే ఉన్నారు. 1983లో మారుతి 800కు బుకింగులు తెరిస్తే లక్షమందికి పైగా సొమ్ము కట్టారు. ఆ ఏడు డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళం అందుకున్నది ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ గారు. మిగిలినవారంతా తమ వంతు కోసం కూర్చున్నారు. ఆ రోజుల్లో బుకింగు కాగితాలే సరుకైపోయి పైరేటుకు చేతులు మారేవి.

సంపన్న దేశాల వారికీ ఈ తిప్పలు తప్పలేదు. అమెరికాలో టెస్లా కంపెనీ 2017 నవంబరులో రోడ్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారు నమూనా చూపి, 2020లో ఇస్తామంది. బుకింగుకు 50 వేల డాలర్లు అడిగింది. మొదటి వెయ్యి బళ్ళ కోసమైతే రెండున్నర లక్షల డాలర్లు, అంటే మొత్తం ధర, ముందే కట్టమంది. 2020 వచ్చి వెళ్ళింది, కారు రాలేదు. ఆ తర్వాత చెప్పిన గడువులూ తప్పాయి.

స్పోర్ట్స్ కారు విలాసమే కదా, ఆలస్యమైతే ఏం మునిగిందని కొందరు అనవచ్చు. విలాసమా కాదా అన్నది వేరే చర్చ. ఎండలో చెమటోడ్చి సంపాదించిన సొమ్ము విలాసం కాదు. పైగా ఈ ఖాళీ రసీదే రేపు ఆటో కొనుక్కునే పేదవాడి చేతికీ వస్తుంది. అతనికి ఒక్క నెల ఆలస్యమంటే నెల రోజుల బత్తెం పోయినట్టే.

ముందు సొమ్ము ఇచ్చి తర్వాత సరుకు పుచ్చుకోవడం మన ధర్మంలో నిషిద్ధం కాదు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేసరికి అక్కడివారు ఖర్జూరాలకు ఏడాది, రెండేళ్ళు ముందుగానే సొమ్ము ఇచ్చేవారు. ఆయన ఆ బేరాన్ని ఆపలేదు. కొలత, తూకం, గడువు మూడూ స్పష్టంగా ఉండాలన్నారు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు గడువు గల అప్పును కాగితం మీద రాసుకోమని చెప్పేదే. చేతికి రాని సరుకును అమ్ముకోవద్దని కూడా ప్రవక్త (స) వారించారు. బుకింగు కాగితాలను లాభానికి అమ్మేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అమ్మేవారికీ ఇబ్బందులుంటాయి. 2021లో ప్రపంచమంతటా చిప్‌ల కొరత వచ్చి కార్ల కర్మాగారాలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి. అటువంటప్పుడు ఉన్నమాట చెబితే కొనేవాడు ఓర్చుకుంటాడు. గడువు తెలిసిన ఎదురుచూపును సహనం అంటాం. గడువే చెప్పకుండా కూర్చోబెట్టడం మాత్రం ఎదుటివాడి సొమ్మును ఉచితంగా వాడుకోవడమే.

కనుక సోదరులారా, బుక్ చేసేటప్పుడే ఇచ్చే తేదీ, తేదీ తప్పితే సొమ్ము వాపసు చేసే పద్ధతి రసీదు మీద రాయించండి. బండి సిద్ధమైందని రూఢి కాకముందే అప్పు సొమ్ము షోరూముకు చేరనివ్వకండి. మాట తప్పితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం షోరూం ఏ ఊళ్ళో ఉన్నా మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. రెండేళ్ళ లోపు ఇవ్వాలి.

చివరగా, మన సంగతి కూడా చూసుకోవాలి. మనలో టైలర్లున్నారు, వడ్రంగులున్నారు, వెల్డింగు షాపులవారున్నారు. రంజాన్‌లో అడ్వాన్సు పుచ్చుకుని చాంద్‌రాత్ దాకా పిల్లవాడి కొత్త బట్టల కోసం తండ్రిని తిప్పించుకునేవారు మనలో లేరా? అతని ఎదురుచూపుకూ ఆ కారు కోసం చూసిన ఎదురుచూపుకూ తేడా ఏముంది? ఇతరుల నుంచి తేదీ అడిగే హక్కు మనకు దక్కాలంటే, ముందు మనమిచ్చే చీటీ మీద తేదీ రాయాలి. రాసిన తేదీకి సరుకు అప్పగించాలి. అది కూడా అమానతే.