చామనచాయకి పెన్ను ఏదీ?

“స్కిన్ కలర్ ఓసారి ఇవ్వవా?” అని పిల్లలు బొమ్మలేసుకుంటూ ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం మీరూ వినే వుంటారు. ఆ పేరుతో చేతులు మారేదేమిటో అడిగిన పిల్లకీ తెలుసు, ఇచ్చిన పిల్లకీ తెలుసు. లేత గులాబీలో కాస్త నారింజ కలిపినట్టుండే ఒకే ఒక్క రంగు. ఇచ్చే చెయ్యీ ఆ రంగులో వుండదు, పుచ్చుకునే చెయ్యీ వుండదు. అయినా దాని పేరు ఒంటి రంగే! ఇంత చిన్న విషయానికి పేజీ ఖర్చు పెట్టాలా అంటారేమో. పెట్టాలనే నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు కాస్త రంగుల సంగతి మాట్లాడుకోవాలి.

1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎటు చూసినా బండలూ, తుప్పలూనట. ఇప్పుడు అద్దాల ఆఫీసులు, వాటి వెనకే మెడ నొప్పెట్టేంత ఎత్తు అపార్టుమెంట్లు. కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఈ అపార్టుమెంట్లలో కొన్నాళ్ళుగా ఒక కొత్త సరదా పట్టుకుంది. ఆల్కహాల్ మార్కర్లతో బొమ్మలకి రంగులు వెయ్యడం. పేరు చూసి కంగారు పడకండి, తాగేదేం కాదు. పిల్లలే వేస్తున్నారనుకునేరు, వాళ్ళ తల్లులూ వేస్తున్నారు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళు కాయలు కాసిన సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు శనివారం మధ్యాహ్నం నాలుగు పెన్నులు ముందేసుకుని కూర్చుంటే, వాళ్ళ మొహాల్లో విశ్రాంతి కనిపిస్తుంది. నాబోటి ఇంటిపట్టున వుండేవాళ్ళం వంటా వార్పూ అయ్యాక ఏ రెండింటికో మొదలుపెడతాం. “ఈ వయసులో రంగులేమిటే?” అని మా అత్తగారి మొదటి ప్రశ్న. ఆ తర్వాత ఆవిడే నా పక్కన కూర్చుని ఆకులకి పచ్చరంగు ఎక్కడ ముదరాలో చెప్పడం మొదలెట్టారు. పెరట్లో మొక్కలు పెంచిన మనిషి కదా!

ఈ మార్కర్ల కిటుకంతా వాటిలోని ద్రవంలోనే వుంది. మామూలు స్కెచ్ పెన్నులో రంగు నీళ్ళలో కలిసి వుంటుంది. ఒకచోట రెండుసార్లు గీస్తే కాగితం నాని పొరలు లేస్తుంది, గీత మీద గీత చారలు పడుతుంది. ఇందులో రంగు ఆల్కహాల్‌లో కరిగి వుంటుంది. చేతికి రాసుకున్న శానిటైజర్‌లాగా చప్పున ఆరిపోతుంది, కాగితం పాడవదు. అన్నిటికన్నా ముఖ్యం, పైన వేసిన తడి కింద ఆరిన రంగుని మళ్ళీ కరిగిస్తుంది. అందుకే రెండు రంగులు అంచులు చెరిపేసుకుని ఒకదాన్లోకి ఒకటి జారిపోతాయి. ఇంకో గుణం, ఇది కప్పే రంగు కాదు, అద్దంలాంటి రంగు. కిందిది పైకి కనిపిస్తూనే వుంటుంది. ముదురు మీద లేతరంగు వేస్తే కప్పదు. కాబట్టి ఎప్పుడూ లేతనుంచి ముదురుకే ప్రయాణం. ఒకే పెన్నుతో రెండో పూత వేసినా రంగు చిక్కబడుతుంది, గోరింటాకు రెండోసారి పెడితే ఎరుపు ముదిరినట్టు.

నీడలు వెయ్యడం నేర్చుకోవాలనుకునే వాళ్ళకి నేనిచ్చే సలహా ఒకటే. మొహాల జోలికి పోకుండా ముందు దుర్గం చెరువు దగ్గరికెళ్ళి ఒక బండరాయిని చూడండి. తంతితీగెల వంతెన 2020లో వచ్చాక అందరూ వంతెననే చూస్తున్నారు గానీ, ఆ బండలు ఎన్ని కోట్ల ఏళ్ళనాటివో! సాయంత్రం ఎండ ఒక పక్కనుంచి పడుతుంటుంది. ఎండ పడ్డవైపు దాదాపు తెలుపు. ఎండ తప్పిన చోట మధ్యరంగు. పూర్తిగా అవతలివైపు ముదురు. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ జాగ్రత్తగా చూస్తే ఆ ముదురు పక్క చిట్టచివరి అంచు మళ్ళీ కొంచెం వెలుగుతుంది, నేలమీద పడ్డ ఎండ కిందనుంచి ఎగిరి తగులుతుంది కాబట్టి. ఆ సన్నటి వెలుగు వేస్తే రాయి కాగితం మీంచి లేచి గుండ్రంగా కూర్చుంటుంది. వెయ్యకపోతే అప్పడంలా అతుక్కుపోతుంది.

వేసే పద్ధతీ కష్టమేం కాదు. లేత రంగు అంతటా పరిచి, అది తడిగా వుండగానే నీడవైపు మధ్యరంగు, అట్టడుగున ముదురు రంగు. తర్వాత వెనక్కి రావాలి. ముదురు అంచుమీద మధ్యరంగుతో, మధ్యరంగు అంచుమీద లేతరంగుతో రుద్దితే గీతలు కరిగిపోతాయి. చాలామంది ఈ వెనక్కి రావడమే మరిచిపోతారు. పెన్ను బ్రష్షు మొనని నొక్కి మొదలుపెట్టి గాల్లోకి విసిరినట్టు లేపెయ్యడం ఇంకో ఉపాయం. మన వూళ్ళో అసలు శత్రువు ఫ్యాను. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూర్చుంటే ఒక పక్క వేసేలోపు రెండో పక్క ఆరిపోయి చారలు మిగుల్తాయి. ఫ్యాను కట్టెయ్యాలి, వాసనకి కిటికీ తెరవాలి. మే నెలలో ఇది తపస్సే అనుకోండి! కాగితం కింద ఒక అట్టముక్క మాత్రం మరిచిపోవద్దు, రంగు అవతలికి దిగి టేబుల్ క్లాత్ మీద కూడా అదే బొమ్మ పడుతుంది.

ఇక మొహాల దగ్గరికి వద్దాం. మన భాషలో ఒక చమత్కారం వుంది. నీడనీ ఛాయ అంటాం, ఒంటి రంగునీ చాయ అంటాం. వత్తు సంగతి పక్కన పెట్టండి, మాట ఒక్కటే. సూర్యుడి వేడికి తట్టుకోలేక సంజ్ఞాదేవి తన బదులు వదిలివెళ్ళిన మనిషి పేరే ఛాయ. మనిషి ఒంటి రంగంటే దానిమీద వెలుగూ నీడా ఆడుకునే తీరేనని ఈ మాట పుట్టించిన వాళ్ళకి తెలిసినట్టే వుంది. (పొట్టు వదిలించి తెల్లగా చేసిన పప్పుని చాయపప్పు అనడం ఎలా వచ్చిందో మాత్రం నాకు అర్థం కాదు. పప్పులో కూడా తెలుపే గొప్పా?)

ఈ పెన్నుల్లో పేరుమోసిన జపాను బ్రాండు కాపిక్. 1987లో మొదలైంది. వాళ్ళ రంగులకి పేర్లకన్నా నంబర్లే ముఖ్యం. ముందు అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది. చివరి అంకె ముదురుదనాన్ని చెబుతుంది. సున్నాకి దగ్గరైతే లేత, తొమ్మిదికి దగ్గరైతే ముదురు. ‘ఈ’ అక్షరం ఎర్త్, అంటే మట్టి కుటుంబం. ఈ 33, ఈ 35, ఈ 37 పక్కపక్కన పెడితే నీడల మెట్లు వాటంతటవే తయారవుతాయి. మట్టి కుటుంబం అన్న పేరు నాకెంతో నచ్చింది. మనందరం అందులోని వాళ్ళమే.

కానీ ‘స్కిన్ టోన్ సెట్’ అని బజార్లో దొరికే చవకరకం పెట్టెలు కొన్ని తెరిచి చూడండి. సగానికి పైగా లేత గులాబీలు, లేత నారింజలు, ఒకదానికొకటి తేడా తెలియనంత దగ్గరగా వుంటాయి. చివర్న రెండు ముదురు గోధుమలు. మధ్యలో మన దేశంలో సగంమంది వుండే చోట ఖాళీ! ఎండుకొబ్బరి పెంకు, కాచిన బెల్లం, చింతపండు, తేనె, ఇవన్నీ ఏమైనట్టు? నేర్పే పాఠాలూ అంతే. “ముందు పీచ్ రంగు పరచండి, తర్వాత నీడలు వెయ్యండి” అంటారు. పీచ్ రంగు మీద గోధుమ పూస్తే ఎండకి కందిన తెల్లమొహం వస్తుంది గానీ చామనచాయ రాదు. తప్పు పిల్లల చేతిది కాదు, మొదటి పూతది.

చామనచాయకి మొదటి పూతే వెచ్చటి లేత గోధుమ కావాలి. ఆ లేత గోధుమే నుదుటిమీద, ముక్కు దూలం మీద, చెంపల పైన వెలుగై మిగలాలి. తెల్లకాగితం వదిలేస్తే అక్కడ సున్నం అంటినట్టుంటుంది. నీడకి నలుపూ, బూడిదా వెయ్యకూడదు. బూడిదరంగు ఒంటిమీద వేస్తే మనిషి జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. ఎర్రమట్టిలాంటి ముదురు గోధుమ వెయ్యాలి, మెడకిందా, జుట్టు మొదట్లో ఇంకా లోతు కావాలంటే దాని కింద ముందుగా కాస్త వంగపండు రంగు. బుగ్గలకి గులాబీ అక్కర్లేదు, ఇటుక రంగు చాలు. పైపెదవి ముదురు, కింది పెదవి దానికన్నా ఒక మెట్టు లేత. అన్నీ అయ్యాక ముక్కు కొసన, కింది పెదవి మీద తెల్ల జెల్ పెన్నుతో ఒక్కొక్క చుక్క. నల్లటి ఒంటిమీద వెలుగు ఎంత స్పష్టంగా పడుతుందో అప్పుడు చూడాలి. పసుపుపచ్చ చీర కట్టిన మనిషైతే గడ్డం కింద నీడలో ఆ పసుపు లీలగా ప్రతిఫలిస్తుంది. అదీ వేస్తే బొమ్మకి ప్రాణం వస్తుంది.

ఇదంతా ఓ తొమ్మిదేళ్ళ పిల్ల నాకన్నా బాగా వేసింది. ఓ అపార్టుమెంటులో పిల్లలకి చిత్రలేఖనం పోటీ పెట్టారు. ‘నాకు ఇష్టమైన మనిషి’ అన్నది విషయం. ఆ పిల్ల పాలమూరు నుంచి వచ్చి వాళ్ళింట్లో వుంటున్న నాయనమ్మని వేసింది. కిటికీ దగ్గర కూర్చున్న ముసలావిడ, ఒక చెంపన వెలుగు, రెండో చెంప మూడు పూతల గోధుమరంగులో మునిగి, ముడతల్లో ఇటుకరంగు. చూస్తుంటే నాకు చెయ్యి చాచి ముట్టుకోవాలనిపించింది. నిర్ణేతగా వచ్చినావిడ కాగితం ఎత్తి పట్టుకుని, “ఎఫర్ట్ బావుంది. ఫేస్ మాత్రం డర్టీగా వచ్చింది. స్కిన్ కలర్ వాడితే బావుండేది కదమ్మా” అన్నారు. నాయనమ్మగారు అక్కడే వున్నారు. పిల్ల ఆవిడ వంక చూసింది. ఆవిడ నవ్వేసి, “నా మొకం గట్లనే వుంటది గద బిడ్డా” అన్నారు. ఎవరితో అన్నారో తెలీదు, మనవరాలితోనో నిర్ణేతతోనో. బహుమతి మాట వదిలెయ్యండి. ఆ తర్వాత వారానికి ఆ పిల్ల వేసిన బొమ్మలో నాయనమ్మ పీచ్ రంగులో వుంది. ఫస్టుక్లాసుగా బ్లెండ్ చేసింది కూడా.

“పిల్లల రంగులపెట్టెలోకి కూడా ఈ గోల లాక్కొస్తారా?” అని నాతో ఒకావిడ వాదించారు. గోల మనం తెచ్చింది కాదండీ, పెట్టెలోనే పెట్టి అమ్మారు. అమెరికాలో క్రేయోలా కంపెనీవాళ్ళు తమ క్రేయాన్లలో ‘ఒంటిరంగు’ అన్న పేరు తీసేసి ‘పీచ్’ అని పెట్టింది 1962లో. 2020లో రకరకాల ఒంటిరంగుల్లో 24 క్రేయాన్ల పెట్టె తెచ్చారు. అదే సంవత్సరం మన దగ్గర ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోంచి ‘ఫెయిర్’ పోయి ‘గ్లో’ వచ్చింది. 1975 నుంచి అమ్మిన మాటని మార్చడానికి 45 ఏళ్ళు పట్టింది. ట్యూబు మీద పేరు మారింది సరే, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ చూపు మారిందా? “పిల్ల కళగా వుంటుంది” అంటే అర్థమేమిటో మనకి తెలీదూ?

కథలు రాసేదాన్ని కాబట్టి నా బాధ నాకింకొకటుంది. నా కథలో నాయిక నల్లగా వుంటుందని మొదటి పేరాలోనే రాశాను. ఆమె కష్టానికి కారణం సగం అదే. అచ్చయిన బొమ్మలో ఆవిడ పాలమీగడలా వుంది! ఉత్తరం రాస్తే, “నల్లగా వేస్తే అచ్చులో మచ్చలా పడుతుందండీ” అన్నారు. నలుపుకి నీడలు వెయ్యడం రాక చెప్పే మాట అది. ద్రౌపది అసలు పేరే కృష్ణ, నల్లని దానికి పెట్టిన పేరు. క్యాలెండర్లలో ఆవిడ ఏ రంగులో వుంటుందో చూడండి.

వెయ్యగలిగినవాళ్ళు లేకా? కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం వేసిన తెలంగాణ ఆడవాళ్ళని చూడండి. ముదురు గోధుమ ఒళ్ళు, రూపాయంత బొట్టు, ఎర్రటి, పచ్చటి చీరలు. ఆ చీరల రంగు అంత పలకడానికి కారణం ఆ ఒంటి రంగే. ఒక్కసారి ఆ మొహాన్ని పీచ్‌లో వూహించుకోండి, చీర కూడా వెలిసిపోతుంది. ‘దాసి’ సినిమాకి కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తెచ్చుకున్నదీ ఆయనే. ఆయనవి మార్కరు బొమ్మలు కావు, ఆ పద్ధతే వేరు. కానీ మొదటి పూత ఏ రంగు వెయ్యాలన్న పాఠం మాత్రం అక్కడే వుంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి కదా. కాపిక్ పెన్ను ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయలు. ఒక జీతం మీద నడిచే ఇంట్లో పెట్టెలు పెట్టెలు కొనమని నేను చెప్పను. చవకరకం అయినా పరవాలేదు గానీ సెట్టు కొనకుండా విడిగా కొనండి. మీ మణికట్టు లోపలివైపు రంగుకి దగ్గరగా ఒకటి, మోచేతి బయటివైపుకి ఒకటి, జడ కింద మెడకి ఒకటి. మూడు చాలు. పెన్ను మూత రంగు నమ్మొద్దు, కాగితం మీద గీసి, ఆరాక చేతి పక్కన పెట్టి చూసుకోండి. కొన్నవి నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి, రెండు మొనలకీ సిరా సమంగా వుంటుంది. ఎండ తగిలే గోడకి బొమ్మలు తగిలించకండి, ఈ రంగులు వెలుస్తాయి.

మా అపార్టుమెంటులో సంక్రాంతికి పిల్లల పోటీలు ఎప్పుడూ వుండేవే. ఈసారి నేను కమిటీకి ఒక కాగితం రాసిచ్చాను. పిల్లలకిచ్చే రంగుల్లో గోధుమలు కనీసం ఆరు వుండాలని, ‘స్కిన్ కలర్’ అని ఏ రంగునీ పిలవకూడదని, నిర్ణేతలకి ఆ సంగతి ముందే చెప్పాలని. సెక్రటరీగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివి, “బాగానే వుందమ్మా, బడ్జెట్ ఎంతవుతుంది?” అన్నారు. ఆరు పెన్నుల ధర, ఎన్ని సెట్లు కావాలో వెనకవైపు లెక్క వేసి ఇచ్చాను. ఆదివారం మీటింగులో పెడతానన్నారు.