కింద వచ్చే అక్షరాలు ఏ భాషలో ఉండాలి?

హాస్టల్లో టీవీ అనగానే రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దలు "చదువు పాడవుతుంది" అంటారు. మనం "ఆదివారం ఒక్క పూటేగా సార్" అంటాం. ఆ ఒక్క పూటనే భాష నేర్చుకునే పూటగా మార్చుకోవచ్చని నా అభిప్రాయం. అందుకు ఒక ఉదాహరణ చెబుతాను.

బ్రిజ్ కొఠారి అనే భారతీయుడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో స్పానిష్ నేర్చుకుంటున్నారు. ఒకసారి మిత్రులతో కలిసి పెద్రో అల్మోదోవార్ తీసిన స్పానిష్ సినిమా చూశారు. మాటలు స్పానిష్‌లో, కింద అక్షరాలు ఇంగ్లిషులో! ఆ అక్షరాలు కూడా స్పానిష్‌లోనే ఉంటే విన్న మాటను వెంటనే చూసి పట్టుకోవచ్చు కదా అనుకున్నారు. హిందీ పాటలకు హిందీ అక్షరాలే వేస్తే చదవడం సరిగా రానివాళ్లకు వింటూనే చదవడం అలవాటవుతుందనే ఆలోచన దానిలోంచే పుట్టింది. 1996లో అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లో ఆయన ఆ పని మొదలుపెట్టారు. తర్వాత దూరదర్శన్ 'చిత్రహార్' పాటల కింద అక్షరాలు వచ్చాయి.

మనకు కావలసిన కిటుకు ఇదే. ఇంగ్లిషు సినిమా కింద తెలుగు వస్తే కథ అర్థమవుతుంది గాని, కన్ను తెలుగు మీదే ఉండి చెవి ఊరుకుంటుంది. నేర్చుకునే భాషలోనే అక్షరాలు రావాలి. స్పానిష్‌ను దాదాపు రాసినట్టే పలుకుతారు, మన తెలుగులాగే. ఇంగ్లిషు అలా కాదు. కత్తిని 'నైఫ్' అంటాం, రాసేటప్పుడు మాత్రం ముందు 'కె' పెడతాం. కాబట్టి స్పానిష్ నేర్చుకునేవాళ్ల కంటే మనకే ఈ పద్ధతి ఎక్కువ అవసరం.

తెలుగు మీడియం నుంచి ఇంటర్‌కు వచ్చిన కొత్తలో నాకు పాఠం కొంత అర్థమయ్యేది, సందేహం అడగాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ మాటలను పుస్తకంలో చూశానే గాని ఎవరి నోటా వినలేదు. వ్యాకరణం సార్ చెప్పాల్సిందే, కాదనను. కానీ ఒక్క పీరియడ్‌లో క్లాసులో అందరికీ మాట్లాడే వంతు ఎలా వస్తుంది?

అలాగని ఊరికే చూస్తే భాష రాదు తమ్ముళ్లూ. ఒకే సన్నివేశాన్ని మొదట అక్షరాలతో, తర్వాత అక్షరాలు లేకుండా చూడండి. ఐదు మాటలు నోటుబుక్కులో రాసుకోండి. రాత్రి భోజనాల లైనులో వాటితో ఒక్కో వాక్యం చెప్పండి. ఎవరైనా తప్పు మాట్లాడితే నవ్వకండి. మనం నవ్విన రోజే వాడు మాట్లాడటం మానేస్తాడు.

వార్డెన్ గారికి ఒక మనవి. వారానికి ఒక గంట ఇంగ్లిషు అక్షరాలతో మంచి సినిమా వేయించండి. మేం నోటుబుక్కులతో వచ్చి కూర్చుంటాం.