బండి దిగబడితే... తాడెక్కడ కట్టాలి?

వానాకాలం. నల్లరేగడి నేల. బస్తాలతో వస్తున్న ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడింది. అనుభవమున్న రైతు అప్పుడేం చేస్తాడు? ఎడ్ల వీపు మీద చెర్నాకోల ఝళిపించడు. ముందు బస్తాలు దించుతాడు. చక్రాల ముందున్న బురదను పారతో తోడేస్తాడు. ఆ గుంతలో ఇంత కంపో, నాలుగు రాళ్లో వేస్తాడు. అప్పటికీ కదలకపోతేనే పక్క పొలంలోని ఎడ్లజతను తెప్పించి ముందు కట్టిస్తాడు. ఇక లాగడమే అనుకున్నాక, చోద్యం చూస్తున్న పిల్లల్ని దూరంగా పొమ్మని కేకేస్తాడు.

లక్షలు పోసి ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ జీపులు కొన్నవాళ్లు ఇప్పుడు ఆ పాఠాన్నే మళ్లీ మొదట్నుంచీ నేర్చుకుంటున్నారు. కాకపోతే ఇక్కడ రెండో ఎడ్లజత పేరు... వించ్‌!

మహీంద్రా థార్‌ తొలిసారి 2010లో వచ్చింది. 2020లో కొత్త రూపం తొడుక్కుంది. 2023లో మారుతీ జిమ్నీ తోడైంది. దాంతో అడవి బాటలూ వాగులూ గుట్టలూ ఎక్కించే సరదా మన కుర్రకారుకూ బాగానే పట్టుకుంది. బండి ఇంటికొచ్చిన వారానికే యజమాని విడిభాగాల దుకాణానికి వెళ్లి అడిగే మొదటి మాట- ‘వించ్‌ ఎంత?’ అదే బురదలో నాలుగుసార్లు దిగబడి లేచినవాళ్లయితే ముందు ఇంకో ప్రశ్న అడుగుతారు. ‘కొక్కెం ఎక్కడ తగిలిస్తారు?’ అని. బండి బయటికి రావడం, మనిషి క్షేమంగా ఇల్లు చేరడం- రెండూ ఆ ప్రశ్నకు చెప్పే సమాధానం మీదే ఆధారపడి ఉంటాయి మరి.

యుద్ధం జీపులతో మొదలు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో సైన్యం జీపులు ఎన్నో మామూలు జనం చేతికొచ్చాయి. వాటికి పనికొచ్చే చక్రాల హబ్బులు తయారుచేయడానికి ఆర్థర్‌ వార్న్‌ అనే ఆయన 1948లో సియాటెల్‌ నగరంలో ఓ సంస్థ పెట్టాడు. అదే సంస్థ 1959లో షికారు బండ్ల కోసం బ్యాటరీతో నడిచే వించ్‌ను తీసుకొచ్చింది. ఆ తర్వాత అడవుల్లో బండ్లు తోలడమే ఓ పోటీగా మారింది. 1980లో అమెజాన్‌ అడవిలో మొదలైన క్యామెల్‌ ట్రోఫీ 2000 దాకా సాగింది. మలేసియాలో 1997లో రెయిన్‌ఫారెస్ట్‌ ఛాలెంజ్‌ పుట్టింది. దాని భారతీయ పోటీ 2014లో గోవాలో, అదీ జోరువానల్లో మొదలైంది. అక్కడ వించ్‌ లేకుండా అడుగు ముందుకు పడదు. ఏటవాలు బురదగట్ల మీద బండి చాలాసార్లు చక్రాల మీద కాదు, తాడు మీదే నడుస్తుంది!

నూతి గిలకకు అన్నయ్య

చూడ్డానికి గంభీరంగా ఉంటుంది కానీ వించ్‌లో ఉండేవి ప్రధానంగా మూడే... ఓ మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే పళ్లచక్రాలు, తాడు చుట్టుకునే డ్రమ్ము. ఎంత వించ్‌ కావాలన్నదానికి ఓ లెక్కుంది. మనుషులూ సామానుతో కలిపి బండి ఎంత తూగుతుందో అంతకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలగాలి. రెండున్నర టన్నుల బండికి 3,750 కిలోలన్నమాట. ఎక్కువమంది తీసుకునే 9,500 పౌండ్ల వించ్‌ అంటే దాదాపు 4,300 కిలోలు.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. పెట్టె మీద రాసిన ఆ బలం డ్రమ్ము మీద ఒకే వరుస తాడు మిగిలినప్పటి సంగతి. తాడు వరుసలు పెరిగేకొద్దీ డ్రమ్ము లావెక్కి, లాగే బలం తగ్గుతుంది. నాలుగో వరుసకు వచ్చేసరికి దాదాపు మూడో వంతు పోతుంది. అందుకే తాడు ఎక్కువ బయటికి లాగి, దూరంగా ఉన్న ఆధారానికి కట్టుకోవడం మేలు. అలాగని మొత్తం విప్పేయకూడదు. ఉక్కుతాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్‌ తాడైతే ఎనిమిది నుంచి పది చుట్లు డ్రమ్ము మీద ఉండాలి. తాడును పట్టి ఉంచేది ఆ చుట్లే కానీ చివర్న ఉండే చిన్న బోల్టు కాదు.

పూర్తి భారం పడితే వించ్‌ నాలుగు వందల ఆంపియర్ల దాకా కరెంటు తాగేస్తుంది. మామూలు హెడ్‌లైటు బల్బుకు కావాల్సింది ఐదు ఆంపియర్ల లోపే. అంటే ఎనభై హెడ్‌లైట్లు ఒకేసారి వెలిగించినంత! కాబట్టి ఇంజిన్‌ ఆపి వించ్‌ నడిపితే బండి బయటికి రావడం మాటటుంచి, బ్యాటరీ పడుకుంటుంది. కాసేపు లాగడం, మోటారు చల్లారేదాకా ఆగడం... అదీ పద్ధతి.

ముందు పార, తర్వాతే వించ్‌

బురదలోంచి వాహనాల్ని తీయడానికి అమెరికా సైన్యం ఓ మోటు లెక్క పాటిస్తుంది. చక్రాల మేర దిగబడితే బండి బరువంత బలం కావాలి. చక్రాల పైనుండే మడ్‌గార్డుల దాకా దిగబడితే అందుకు రెట్టింపు. క్యాబిన్‌ దాకా మునిగితే మూడింతలు. ఈ లెక్కను తిరగేసి చూస్తే పార విలువేంటో తెలుస్తుంది. మడ్‌గార్డుల దాకా ఉన్న బురదను చక్రాల మట్టానికి తోడేస్తే వించ్‌ పని సగం తగ్గినట్టే. పదివేల రూపాయలకు రాని బలం పావుగంట చెమటకు వస్తుంది.

అంతకన్నా తేలికైన ఉపాయం గాలి తీయడం. రోడ్డు మీద 30 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఉండే టైరు గాలిని బురదలోనో ఇసుకలోనో 18-20కి తగ్గిస్తే టైరు పొడవుగా పరచుకుంటుంది. బరువు ఎక్కువ మేరకు పంచుకుంటుంది కాబట్టి దిగబడటం తగ్గుతుంది. గాలి తగ్గించాక మెల్లగా వెళ్లాలి. ఒడుపు తప్పి గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి. అందుకో చిన్న కంప్రెసరు, గాలి కొలిచే గేజీ కావాలి. అలాగే చక్రాల కింద పెట్టే గరుకు పలకలు రెండు, పొడవాటి జాకీ, ఆ జాకీ బురదలోకి దిగిపోకుండా కింద వేసే మందపాటి చెక్క. వీటన్నిటికంటే ముఖ్యమైన సరంజామా ఇంకోటుంది- రెండో బండి. ఒంటరిగా వెళ్లినవాడికి ఎంత ఖరీదైన వించ్‌ ఉన్నా, చుట్టుపక్కల చెట్టో బండరాయో లేకపోతే దాన్ని తగిలించే చోటే ఉండదు.

కొక్కెం పడాల్సిన చోటు

అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ట్రెయిలరు తగిలించుకోవడానికి వెనక గుండ్రటి బంతిలాంటి ఇనుప ముక్క ఉంటుంది చూశారూ... చాలామంది తాడును దానికే వేసేస్తారు. అది నెమ్మదిగా ట్రెయిలరును ఈడ్చడానికి చేసింది. బురదలోంచి ఒక్కుదుటున లాగే ఊపును తట్టుకోవడానికి కాదు. మెడ దగ్గర విరిగితే తాడుతో పాటు ఎగిరొచ్చి ముందు బండి అద్దాన్ని చీల్చుకుని లోపలికి దూసుకెళుతుంది. విదేశాల్లో ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. బంపరుకూ, స్టీరింగు కడ్డీలకూ, లారీ మీద బండిని కదలకుండా కట్టడానికి పెట్టిన సన్నటి రింగులకూ కూడా తాడు వేయకూడదు. ఛాసిస్‌కు గట్టి బోల్టులతో బిగించిన, లాగడానికే ఉద్దేశించిన కొక్కేలు ముందూ వెనకా ఉండాలి. బండి సిద్ధం చేసేటప్పుడు మొదటి ఖర్చు వాటి మీద పెట్టాలంటారు తెలిసినవాళ్లు. వించ్‌ ఆ తర్వాతి మాట.

సాగే తాళ్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ. నైలాన్‌తో నేసిన స్నాచ్‌ పట్టీ లాగినప్పుడు ఇరవై శాతం దాకా సాగుతుంది. ఆ సాగుడులో దాగిన శక్తే దిగబడిన బండిని మెత్తగా బయటికి పీకుతుంది. పిట్టల్ని కొట్టే పంగలకర్ర రబ్బరు కూడా అలాంటిదే కదా! ఏదో ఒక కొస ఊడిందా... రాయి స్థానంలో ఇనుప ముక్క ఉంటుంది. ఈ పట్టీల మీద హెచ్చరికలు తప్పనిసరి చేస్తూ ఆస్ట్రేలియా ప్రభుత్వం 2010లో ఏకంగా ఓ భద్రతా ప్రమాణమే తెచ్చింది. మామూలు టోయింగ్‌ తాడు ఇలా సాగదు. ఇనుప గొలుసు అసలే సాగదు. వాటితో కుదుపిచ్చి లాగితే ఆ దెబ్బంతా కొక్కెం మీదే పడుతుంది.

పట్టీకీ బండికీ మధ్య ఉండే షాకిల్‌నూ చూసి కొనాలి. ఎన్ని టన్నులు మోస్తుందో దాని ఒంటి మీదే పోతపోసి ఉండాలి. పందొమ్మిది మిల్లీమీటర్ల మంచి షాకిల్‌ మీద 4.75 టన్నులని ఉంటుంది. ఏ అంకే లేని షాకిల్‌ ఎంత లావుగా ఉన్నా నమ్మలేం.

గిలక వేస్తే రెట్టింపు

వించ్‌ ఒక్కటే చాలనప్పుడు స్నాచ్‌ బ్లాక్‌ అక్కరకొస్తుంది. అది మన నూతి గిలకే, కాకపోతే పక్క రేకు తెరుచుకుంటుంది. చెట్టుకు గిలక కట్టి, తాడును దాని చుట్టూ తిప్పి మళ్లీ సొంత బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. వేగం సగమవుతుంది. చెట్టు దగ్గరున్న పట్టీ మీద, షాకిల్‌ మీద పడే భారం కూడా రెట్టింపే! ఈ చివరి మాట మర్చిపోయి చిన్న షాకిల్‌ వేసినవాళ్లు ప్రమాదాన్ని చేతులారా కొనితెచ్చుకున్నట్టే. తాడు అటూ ఇటూ మడిచినప్పుడు ఆ రెండు తాళ్ల నడుమ ఎవరూ నిలబడకూడదు.

చెట్టుకు నేరుగా ఉక్కుతాడు చుట్టడం మరో తప్పు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరేది బెరడు లోపలి పొరగుండానే. తాడు కోసుకుని ఆ పొర చుట్టూతా తెగితే పచ్చటి చెట్టు నిలువునా ఎండిపోతుంది. అందుకే వెడల్పాటి పట్టీని చెట్టు మొదట్లో చుట్టి, దానికి కొక్కెం వేయాలి. ఇక రిజర్వు అడవుల్లోకైతే అనుమతి లేకుండా బండి తోలడమే నేరం.

చట్టం ఏమంటుందంటే...

‘ఇవన్నీ బిగించాక ఊళ్లో తిరగొచ్చా’ అన్నది చాలామందికి తట్టని ప్రశ్న. బండ్ల ముందు అదనంగా బిగించే బుల్‌బార్లు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని నిబంధనలకు విరుద్ధంగా మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకూ ఐదువేల రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వించ్‌ కోసం కంపెనీ బంపరు తీసి ఉక్కు బంపరు వేయించాలనుకునేవాళ్లు ముందు రవాణా కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. దాని బరువుకు ముందు స్ప్రింగులు కుంగుతాయి. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో అవి సమయానికి తెరుచుకోవడం మీదా ఆ మార్పు ప్రభావం పడొచ్చు.

బయల్దేరే ముందు ఓసారి...

* తాడు మొత్తం విప్పి చూడాలి. ఉక్కుతాడులో తెగిన పోగులుంటే అరచేతిలో దిగుతాయి. తోలు చేతొడుగులు తప్పనిసరి.

* సింథటిక్‌ తాడు తేలిక. తెగినా ఉక్కుతాడంత ఉధృతంగా కొట్టదు. కానీ ఎండకూ రాతి అంచుల రాపిడికీ పాడవుతుంది.

* లాగేటప్పుడు తాడు మధ్యలో బరువైన దుప్పటో, ఇసుక సంచో వేయాలి. తెగినప్పుడు తాడు కొసను అది కిందికి లాగేస్తుంది.

* బిగుసుకున్న తాడును దాటకూడదు. దాని మీద చెయ్యి వేయకూడదు.

* సైగలు చేసేది ఒక్కరే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే డ్రైవరు ఎవరి మాటా వినలేడు.

* తాడు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో మిగతావాళ్లంతా నిలబడాలి. ఫోనులో వీడియో తీసేవాళ్లు కూడా!

చాలా బృందాల్లో అన్నిటికన్నా కష్టమైనది ఈ ఆఖరి నియమమే. బండి బురదలోంచి లేచే క్షణం చూడముచ్చటగా ఉంటుంది. అందరూ ముందుకే వస్తారు. అప్పుడు పొలంగట్టు మీద రైతు వేసిన కేకే ఎవరో ఒకరు వేయాలి... ‘లాగుతున్నాం, దూరంగా జరగండి!’ అని.