సంగటి ముద్ద చేసిన నేరమేమిటి?

పిల్లలూ! మొన్న మధ్యాహ్నం మా ఏడో తరగతి అమ్మాయి ఒకతె టిఫిను డబ్బాకు మూత అడ్డుపెట్టుకుని తింటోంది. ఏమిటా అని చూద్దును కదా, రాగి సంగటి! పక్క పిల్ల డబ్బాలో నూడుల్స్ ఉన్నాయి. అందుకని ఈమెకు సిగ్గు.

ఆ సిగ్గు నాకు తెలుసు. 1980లలో మా ఇంట్లో హైస్కూలు మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. బడి వెనక చింతచెట్టు కింద ఒంటరిగా సంగటి తినేవాణ్ణి. ఉద్యోగం రాగానే మూడు పూటలా తెల్లటి అన్నం, అరమైలు దూరానికి కూడా స్కూటరు! పైకి వచ్చామనడానికి అవే గుర్తులనుకున్నాను. నలభై ఐదో ఏట మధుమేహం బయటపడింది. అందులో వంశపారంపర్యం పాత్ర కొంత ఉండవచ్చు. కానీ నేను వదిలేసిన నడకనే డాక్టరుగారు మందుచీటీలో రాసిచ్చారు.

పేదరికమే ఆరోగ్యమని నేననడం లేదు సుమా! చాలీచాలని తిండి రక్తహీనతను, మురికినీరు విరేచనాలను తెస్తాయి. చదువు, ఆదాయం పెరిగితే మంచినీరు, మరుగుదొడ్డి, పప్పు, పాలు, వైద్యం అందుతాయి. కనుక మీరు పైకి రావలసిందే. అయితే వెంట ఏది తీసుకుపోవాలో, ఏది వదిలేయాలో లెక్క చూసుకోండి.

100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాములైనా ఉండదు. బియ్యాన్ని తెల్లగా చేసే మర, తవుడుతోపాటు పీచునూ, బి1 విటమిన్‌నూ చాలావరకు తీసేస్తుంది. రాగులు తింటే మధుమేహం రాదని కాదు; ఏదైనా మితంగానే తినాలి. ఇక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరేడు చెంచాలు! మీ వయసువారు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలనీ, నడవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 18 ఏళ్ళలోపు వారికి సిగరెట్లు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. అయినా కాలేజీలో చేరగానే సిగరెట్టే పెద్దరికమనుకునేవారు కొందరున్నారు.

ఖరీదైనదల్లా గొప్పది కాదు, చవకైనదల్లా తక్కువది కాదు. ఎవరి డబ్బా చూసీ నవ్వకండి. మీ నవ్వుకు జడిసి మీ స్నేహితురాలు ఒక మంచి అలవాటునే మానుకోవచ్చు. ఆ రోజు చింతచెట్టు కిందికి ఒక్కరైనా వచ్చి నా పక్కన కూర్చుని ఉంటే, బహుశా నేనూ మానుకునేవాణ్ణి కాదు.