అమ్మ పేర ఒక బావి

గత మాసంలో ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్న వేళ, మా మొహల్లాకు చెందిన ఒక పెద్దమనిషి వచ్చి నా ప్రక్కన కూర్చున్నారు. వారు నాకన్నా పెద్దవారు. చాలాకాలం ఇనుప సామాను వ్యాపారం చేసి, ఇప్పుడు దుకాణం కుమారులకు అప్పగించారు. రెండేళ్ళ క్రితం వారి మాతృమూర్తి అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

"మౌలానా, అమ్మ పేర ఒక బోరు వేయించాలని ఉంది. ఇక్కడ కాదు, బంగ్లాదేశ్‌లోని రోహింగ్యా శిబిరాలలో. బోరు దగ్గర అమ్మ పేరుతో పలక పెట్టి, ఫోటో తీసి పంపుతామని ఒకాయన ఫోనులో చెబుతున్నాడు. మీరు సరేనంటే ఈ రోజే డబ్బు పంపిస్తాను" అన్నారు.

వారి సంకల్పంలో లోపమేమీ లేదు. తల్లి మరణించిన తరువాత ఆమె తరఫున ఏ దానం మేలైనదని హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) అడుగగా, నీటిని దానం చేయమని దైవప్రవక్త (స) తెలిపారనీ, ఆయన బావి త్రవ్వించి దానిని తల్లి పేర అంకితం చేశారనీ మనమందరం విన్నదే. అయినా నేను వెంటనే సరే అనలేకపోయాను. ఆ శిబిరాలలో బావుల కథ ఏమిటో నాకు కొంత తెలుసు. దానిని ఆ పెద్దమనిషికి చెప్పిన క్రమంలోనే ఇక్కడ వ్రాస్తున్నాను.

2017 ఆగస్టు 25న మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో పోలీసు శిబిరాలపై సాయుధుల దాడులు జరిగాయి. ఆ వెంటనే సైన్యం రోహింగ్యా గ్రామాలపై విరుచుకుపడింది. గ్రామాలకు గ్రామాలే తగులబడ్డాయి. కొద్ది నెలలలోనే ఏడు లక్షలకు పైగా జనం కాలినడకన, పడవలపై నాఫ్ నదిని దాటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు చేరారు. 1978లోనూ, 1991-92లోనూ ఇలాగే లక్షలాది మంది వచ్చారు గాని, ఇంత తక్కువ కాలంలో ఇంత మంది రావడం అదే మొదటిసారి. అడవితో నిండిన మట్టి కొండలు చూస్తుండగానే వెదురు, ప్లాస్టిక్ పట్టాల గుడిసెలతో నిండిపోయాయి. కుటుపాలాంగ్, బాలూఖాలీ అనే రెండు ప్రాంతాలు కలిసిపోయి ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి శిబిరంగా మారాయి.

మొదట ఆదుకున్నది పెద్ద సంస్థలు కాదు, చుట్టుప్రక్కల గ్రామాల సామాన్య ప్రజలు. ఇది మరువరాదు. తమ అన్నంలో సగం పెట్టినవారు, ఇంటి వరండాలో చోటిచ్చినవారు వారే. తరువాత దూర నగరాల నుండి లారీలు బయలుదేరాయి. వచ్చినవారికి ఎవరు ఎక్కడున్నారో తెలియదు, ఎవరికేమి కావాలో తెలియదు. రోడ్డు ప్రక్కన లారీ ఆపి, పైనుండే బట్టల మూటలు, ఆహార పొట్లాలు విసిరేవారు. బలమున్నవాడికి మూడు దొరికేవి, ఒడిలో పసిబిడ్డ ఉన్న స్త్రీకి ఏదీ దొరికేది కాదు. ఎవరికీ పనికిరాని పాత బట్టలు బురదలో గుట్టలుగా పడి ఉండేవి. ఆ సెప్టెంబరు మధ్యలో అటువంటి ఒక పంపిణీ వద్ద జరిగిన తొక్కిసలాటలో ఇద్దరు పిల్లలు, ఒక స్త్రీ ప్రాణాలు కోల్పోయారు. మయన్మార్ తుపాకుల నుండి తప్పించుకు వచ్చినవారు దానం కోసం త్రొక్కుకుని మరణించారు. ఆ తరువాతనే ప్రభుత్వం రోడ్డుపై పంపిణీని కట్టడి చేసి, నిర్ణీత కేంద్రాలను ఏర్పాటు చేసి, సైన్యాన్ని రంగంలోకి దింపింది.

ఇక బావుల సంగతి. నీళ్ళు అత్యవసరం గనుక ఎవరికి వారు గొట్టపుబావులు వేశారు. కొద్ది వారాలలోనే వేల సంఖ్యలో వెలిశాయి. లోతుకు వెళ్ళాలంటే పెద్ద యంత్రం కావాలి, ఖర్చు ఎక్కువ. పై పొరలోనే నీరు దొరుకుతోంది కదా అని చాలామంది అక్కడే ఆపేశారు. అదే సమయంలో వేరే బృందాలు వేల మరుగుదొడ్లు కట్టాయి, అవీ లోతు లేనివే. బావి వేసినవానికి మరుగుదొడ్డి కట్టినవాడు తెలియదు. చాలాచోట్ల రెండింటి మధ్య ఉండవలసిన దూరం లేకపోయింది. ఆ ఏడాది నవంబరు నాటికి ఇళ్ళలోని నీటిని పరీక్షించగా సగానికి పైగా నమూనాలలో మలసంబంధమైన క్రిములు కనిపించాయి. ఎన్నో బావులను తరువాత మూసివేయవలసి వచ్చింది. కొన్ని ఎండిపోయాయి. అలా మూతపడినవాటిలో ఎవరెవరి తల్లుల పేర పలకలు ఉండేవో!

ఈ మాట చెప్పినప్పుడు ఆ పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. "అయితే దానం చేయడమే తప్పా మౌలానా?" అన్నారు.

కాదు. అదే శిబిరంలో, అదే సంవత్సరంలో జరిగిన మరొక విషయం చెప్పాను. మురికి నీరు, ఇరుకు గుడిసెలు చూసి కలరా తప్పదని వైద్యులు భయపడ్డారు. 9 లక్షల డోసుల టీకా మందు తెప్పించారు. బంగ్లాదేశ్ ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ఇంకా ఎన్నో స్వచ్ఛంద సంస్థలు కొండలను పంచుకొని, ఏ గుడిసె ఎవరి బాధ్యతో ముందుగానే నిర్ణయించుకొని అక్టోబరులో పని ప్రారంభించాయి. తొలి విడతలోనే సుమారు 7 లక్షల మందికి చుక్కల మందు అందింది. భయపడినంత పెద్ద కలరా రాలేదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమి చేయాలో ముందుగా కూర్చొని మాట్లాడుకోవడమే ఈ పనికీ బావుల పనికీ ఉన్న తేడా.

అలా కూర్చోవడానికి అక్కడ ఒక సమన్వయ బృందం ఏర్పడింది. ఆహారం, నీరు-పారిశుద్ధ్యం, ఆరోగ్యం, నివాసం, విద్య, రక్షణ అంటూ విభాగాలు చేసి, ఒక్కొక్క విభాగంలో పని చేసే సంస్థలన్నింటినీ ఒకచోట చేర్చారు. ఎవరు ఏ శిబిరంలో ఏమి చేస్తున్నారో ఒకే పట్టికలో నింపుతారు. ఖాళీ గడి కనిపిస్తే అక్కడ ఎవరూ లేరని అర్థం, ఒకే గడిలో నాలుగు పేర్లుంటే ముగ్గురు వేరేచోటికి వెళ్ళాలని అర్థం. ఇది సజావుగా సాగిందని అనుకోకండి. అంతర్జాతీయ వలస సంస్థకూ, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకూ మధ్య నాయకత్వం ఎవరిదన్న విషయంలో చాలాకాలం స్పష్టత లేదు. సమావేశాలు ఆంగ్లంలో జరుగుతుంటే, మొదటి రోజు అన్నం పెట్టిన స్థానిక సంస్థలు వెనుక వరుసలో కూర్చోవలసి వచ్చింది. అయినా పట్టిక లేని రోజులకన్నా పట్టిక ఉన్న రోజులు మేలు.

మా మద్రసాలో తౌబా సూరాలోని అరవయ్యవ ఆయత్ పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒక విద్యార్థి అడుగుతాడు: జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో పేదలు, అగత్యపరుల వెంటనే దానిని వసూలు చేసి పంచే ఉద్యోగులను ఎందుకు పేర్కొన్నారు, వారు పేదలు కారు గదా అని. బాటసారి, రుణగ్రస్తుడు కూడా వారి తరువాతనే వస్తారు. పంచడం కూడా ఒక పని, దానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి అన్న సంగతి ఆ క్రమంలోనే ఉన్నదని నేను చెబుతాను. మనవాళ్ళేమో "మా డబ్బంతా పేదవానికే చేరాలి, కార్యాలయ ఖర్చుకు ఒక్క రూపాయి పోకూడదు" అంటారు. జాబితా వ్రాసేవాడు లేకుండా, గోదాము కాపలావాడు లేకుండా, నీటిని పరీక్షించేవాడు లేకుండా అది పేదవానికి ఎలా చేరుతుందో వారే చెప్పాలి.

హిజ్రీ 18లో వచ్చిన కరువు ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఎడారి జనం ఆకలితో మదీనా పొలిమేరలకు వచ్చి పడ్డారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సిరియా మొదలైన ప్రాంతాలకు లేఖలు వ్రాసి ధాన్యం తెప్పించారు. అంతటితో ఊరుకోలేదు. నగరం చుట్టూ ఒక్కొక్క వైపుకు ఒక్కొక్కరిని నియమించారు. వారు సాయంత్రం వచ్చి, తమ వైపు ఏమి జరిగిందో ఆయనకు నివేదించేవారు. భోజనానికి వచ్చినవారిని లెక్కించమన్నారు. రాలేని రోగులను, పిల్లలను విడిగా లెక్కించమన్నారు. వర్షాలు పడినప్పుడు వారికి దారి బత్తెం ఇచ్చి స్వస్థలాలకు సాగనంపారు. ఆయన త్యాగాన్ని మనం ప్రసంగాలలో చెప్పుకుంటాం, ఆయన లెక్కల పుస్తకాన్ని మాత్రం ఎవరూ చెప్పరు.

అయితే లెక్కలోనూ ఒక ప్రమాదం ఉంది. జాబితా కూడా అమానతే. 2018లో కాక్స్ బజార్‌లో బంగ్లాదేశ్ ప్రభుత్వమూ, శరణార్థుల సంస్థా కలిసి వ్రేలిముద్రలతో నమోదు చేపట్టి గుర్తింపు కార్డులిచ్చాయి. రేషన్ సక్రమంగా అందడానికి అది ఉపయోగపడింది. కాని ఆ వివరాలు తమను తరిమినవారికే చేరతాయేమోనని శరణార్థులు భయపడి ఆ ఏడాదే నిరసన తెలిపారు. సరైన సమ్మతి లేకుండానే ఆ సమాచారం మయన్మార్ ప్రభుత్వానికి వెళ్ళిందని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. తాము నియమాల ప్రకారమే నడిచామని శరణార్థుల సంస్థ బదులిచ్చింది. ఎవరి మాట ఎంతవరకు సరియైనదైనా, శరణార్థి పేరు, ముఖం అతని సొత్తు. బియ్యం సంచి చేతికిచ్చి వితంతువును ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులలో తిప్పే మనవారు ఈ విషయం ఒకసారి ఆలోచించాలి.

ఇంకొక సంగతి కూడా ఆ పెద్దమనిషికి చెప్పాను. 2017లో పోటీ పడిన దాతలు 2023లో కనబడలేదు. నిధులు చాలక ప్రపంచ ఆహార కార్యక్రమం నెలకు మనిషికి 12 డాలర్లుగా ఉన్న ఆహార సహాయాన్ని మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించింది. అంటే పూటకు పది రూపాయలు కూడా లేదు. బావికి పేరు ఉంటుంది. నెలనెలా ఇచ్చే పప్పు, నూనెకు పేరుండదు.

"అంత దూరం ఎందుకు మౌలానా, మన బాలాపూర్‌లో కూడా ఉన్నారు గదా?" అన్నారు వారు కొంతసేపటికి.

ఉన్నారు. హైదరాబాదులో బాలాపూర్, దాని చుట్టుప్రక్కల వేల మంది రోహింగ్యాలు ఏళ్ళ తరబడి నివసిస్తున్నారు. అక్కడ మేము చేసిన పొరపాటు కూడా దాచకుండా చెప్పాను. 2020 లాక్‌డౌన్‌లో మా మద్రసా తరఫున రేషన్ కిట్లు తీసుకొని వెళ్ళాం. రోడ్డుకు దగ్గరగా ఉన్న గుడిసెల వద్ద పంచి, దుఆ చేసి, తృప్తిగా తిరిగి వచ్చాం. తరువాత తెలిసింది, ఆ వారంలోనే మరి రెండు బృందాలు అవే గుడిసెలకు ఇచ్చి వెళ్ళాయని. వెనుక వీధిలోని కుటుంబాలకు ఒక్క కిట్టూ అందలేదు. మాకు దారి చూపిన కుర్రవాడు ముందు వరుసవాడే, వాడిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. మేమే ఎవరినీ అడుగలేదు. మరుసటి నెల నుండి ఆ బృందాలవారితో ఫోనులో మాట్లాడుకొని వరుసలు పంచుకున్నాం. ఎవరింట్లో ఏమి లోటో శిబిరంలోని స్త్రీలే చెప్పారు. వారి లెక్క మా లెక్కకన్నా సరిగ్గా ఉండేది.

ఆ పెద్దమనిషి ఆ రోజు డబ్బు పంపలేదు. రెండు వారాల తరువాత తమ శ్రీమతిని వెంటబెట్టుకొని బాలాపూర్ వెళ్ళారు. ఆమె లోపలికి వెళ్ళి స్త్రీలతో మాట్లాడారు. బోరు మాట ఎత్తగానే వారు వద్దన్నారట. ఆ స్థలం అద్దెది, బోరు వేస్తే అది భూయజమానిదవుతుంది, అద్దె పెంచినా ఖాళీ చేయమన్నా నీరు ఆయన దగ్గరే ఉండిపోతుంది. వారు అడిగినది వేరు. వేసవి మూడు నెలలూ ట్యాంకరు నీటికి ప్రతి ఇల్లూ చందా వేసుకుంటుంది. భర్త లేని కొన్ని కుటుంబాలు ఆ చందా ఇవ్వలేక, అందరూ పట్టుకున్న తరువాత మిగిలిన నీటి కోసం ఎదురు చూస్తాయి. ఆ ఇళ్ళ చందా ఎవరైనా కడితే చాలునన్నారు.

మొన్న వారు మళ్ళీ మస్జిద్‌లో కలిశారు. ఆ కుటుంబాల మూడు నెలల చందా చెల్లించారట. మిగిలిన డబ్బును ప్రక్కన ఉంచారు. కాక్స్ బజార్‌కు చట్టబద్ధంగా, గుర్తింపు పొందిన సంస్థ ద్వారా పంపే మార్గం కనుగొనమని కుమారునికి చెప్పారట, ఆహారానికే ఇమ్మని. "ట్యాంకరు మీద అమ్మ పేరు వ్రాయించలేదు మౌలానా, అది ఎవరిదో అద్దె బండి" అని నవ్వారు. "మీరు నమాజు తరువాత దుఆలో చెప్పండి." వారి తల్లి పేరు అడిగి తెలుసుకున్నాను.